మూతా చక్రాలూ ఉన్న డబ్బాలు

మా ప్రాంతంలో మూత ఉన్న ఏ పాత్రనైనా జనం మొదట నీళ్ల పాత్రగానే చూస్తారు. గోడలకు వేసే రంగుల బకెట్టు ఖాళీ అయితే అందులో నీళ్లు. నూనె డబ్బా పైభాగం కోస్తే అందులో నీళ్లు. పెళ్లికి ఐస్‌క్రీం తెచ్చిన పెట్టెను ఎవరూ తిరిగి అడగకపోతే అందులోనూ నీళ్లే. గిద్దలూరులో పుట్టి పెరిగిన నాకు ఇది తెలియని సంగతి కాదు. అయినా మార్కాపురం దగ్గర నేను పనిచేసే ఇంజినీరింగ్ కళాశాలకు నూట ఇరవై లీటర్ల చెత్తడబ్బాలను, సగం నీలం, సగం పచ్చ, గట్టి మూతలతో, కింద రెండేసి చక్రాలతో తెప్పించిన రోజున ఆ తెలివి నాకు అక్కరకు రాలేదు.

డబ్బాల కథ ఒక మేకతో మొదలైంది.

మా కళాశాల వెనక గోడకు అవతల ఒక వంక ఉంది. వానాకాలంలో నాలుగు రోజులు పారి, మిగిలిన ఏడాదంతా ఇసుకా తుమ్మచెట్లూ చూపిస్తూ పడుకుంటుంది. మా హాస్టళ్ల చెత్త, భోజనశాల చెత్త అన్నీ కలిపి ట్రాక్టరు ఆ వంకలోనే కుమ్మరించి వచ్చేది. ఎవరు నిర్ణయించారో తెలియదు. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే అది ఆచారమైపోయింది. ఆ వంకలో పక్క ఊరి పెద్దావిడ ఒకామె మేకలు మేపుకునేది.

జనవరిలో ఒక పొద్దున ఆమె ప్లాస్టిక్ బేసిను ఒకటి పట్టుకుని ప్రిన్సిపాల్ గది ముందుకు వచ్చింది. ఏదో సంతకం కోసం నేనూ అక్కడే ఉన్నాను. బేసినులో కొబ్బరికాయంత ముద్ద ఉంది. క్యారీ కవర్లు, బిస్కెట్ కాగితాలు, నైలాన్ దారం, అన్నీ మెలితిరిగి ఒకదాన్నొకటి బిగించుకుని ఉన్నాయి. దాన్ని విడదీయడానికి మా వర్క్‌షాపులో ఉన్న పనిముట్లు చాలవని చూడగానే తెలిసింది.

"మేక సచ్చిపోయింది సారూ. కోయిపిచ్చి చూస్తే కడుపులో ఇది ఉండాది" అంది ఆమె.

"ఇది మా కాలేజీ చెత్తేనని ఎట్లా అంటావమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్, నెమ్మదిగానే.

ఆమె ముద్దలో వేలు పెట్టి చిన్న పసుపు బిళ్ల ఒకటి లాగి బల్ల మీద పెట్టింది. అది మా భోజనశాలలో ఇడ్లీలకు ఇచ్చే టోకెను.

"ఇట్లాంటివి మా ఊర్లో యాడా ఇయ్యరు సారూ."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కొంత శ్రమ పడ్డాం. ప్రిన్సిపాల్ వెంటనే నష్టపరిహారం మాట ఎత్తారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"డబ్బులిస్తే ఈ మేకకు సరిపోతాది. మిగిలినవి రేపు కూడా ఆడనే మేస్తాయి కదా. కూలికి పోదామంటే నా మోకాళ్లు లెయ్యవు. ఈ జీవాలే నా కూలి. కవరు గోడ దాటకుండా చూడండి, అంతే."

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగారు. మా కళాశాలలో పరిశుభ్రత సంఘం అని ఒకటుంది. దాన్ని ఏర్పాటు చేసిన సమావేశానికి నేను వెళ్లలేదు. అందువల్ల దానికి నేనే బాధ్యుణ్ణి అయ్యాను.

"ఎండలు ముదిరేలోగా ఒక్క కవరు కూడా గోడ దాటదు, పెద్దమ్మా" అన్నాను.

"మాటిస్తాండావా?"

"ఇస్తున్నాను."

"సరే నాయనా. నీ మొగం గుర్తు పెట్టుకుంటా" అని ముద్దను అక్కడే వదిలేసి, ఖాళీ బేసిను తీసుకుని వెళ్లింది. బేసిను మంచిది. నీళ్లకు పనికొస్తుంది.

నేను యంత్రశాస్త్రం చదువుకున్నవాణ్ణి. సమస్య ఇస్తే మొదట బొమ్మ గీస్తాను. హాస్టళ్ల నక్షా తీసుకుని, ఏ వరండాలో ఎవరు ఎటు నడుస్తారో బాణాలు వేసి, మెట్ల మలుపు దగ్గర నీలం ఒకటి, పచ్చ ఒకటి చొప్పున డబ్బాల చోట్లు గుర్తించాను. పచ్చదానిలో తొక్కలు, ఎంగిలి. నీలందానిలో కాగితం, ప్లాస్టిక్కు. ఈ విషయం వివరిస్తూ పెద్ద బ్యానరు ఒకటి ముద్రింపించాను. పాత ఏర్పాటు మిగిలి ఉంటే జనం కొత్తదానికి అలవాటు పడరన్న సూత్రం ప్రకారం, వరండాల్లో చెత్తకు వాడుతున్న పాత తారు పీపాలను ముందే తీయించి పాత ఇనుముకు వేయించాను. డబ్బాల లారీ గురువారం సాయంత్రం వచ్చింది. మర్నాటి పొద్దున నేను దర్శిలో పరీక్షలు జరిపించడానికి వెళ్లవలసి ఉండటం వల్ల, వాటిని దించి హాస్టళ్లకు పంపమని మాత్రం చెప్పి వెళ్లిపోయాను. బ్యానరు కట్టే పని సోమవారానికి పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున అమ్మాయిల హాస్టలు వరండాలోకి అడుగు పెట్టేసరికి నేల అద్దంలా ఉంది. ఎక్కడా చెత్త లేదు. డబ్బాలు కూడా లేవు. మొదటి విషయానికి కలిగిన సంతోషంలో రెండో విషయం గమనించడానికి నాకు కొంత సమయం పట్టింది.

"డబ్బాలు ఏవి మేడం?" అని వార్డెన్‌ను అడిగాను.

"లోపల పెట్టించినాను సార్. బయట ఎండకు పాడైపోతాయని" అంటూ ఆమె నన్ను స్నానాల గదుల వైపు తీసుకువెళ్లారు.

గోడ పొడుగునా డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతిదాని మీదా గోళ్ల రంగుతో గది నంబరు రాసి ఉంది. మూతలు తుడిచి మెరుస్తున్నాయి. ఒకటి ఎత్తి చూశాను. అంచు దాకా నీళ్లు. మధ్యలో స్టీలు చెంబు తేలుతోంది.

వార్డెన్ గొంతులో నిజమైన కృతజ్ఞత వినిపించింది. "పోయిన ఏడాది నుంచి డ్రమ్ములు అడుగుతా ఉన్నాము సార్. ఎండాకాలం రాకముందే పంపించినారు. పైగా చక్రాలు కూడా పెట్టించినారు. ట్యాంకరు దగ్గర పట్టుకొని తోసుకుంటా వస్తాన్నారు పిల్లలు. ఇంతకుముందు బిందెలు మోసి నడుములు పోయేవి."

ఇవి చెత్తకు తెప్పించినవని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, తరువాత డబ్బాల వైపు చూసి, నేను వేళాకోళం ఆడుతున్నానని నిర్ణయించుకున్నారు.

అప్పటికి నలుగురైదుగురు విద్యార్థినులు చేరారు. వాళ్లలో వెలిగండ్ల నుంచి వచ్చిన ఆఖరి సంవత్సరం అమ్మాయి ఒకతె ఉంది. హాస్టలు తరఫున మాట్లాడటానికి ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు, అవసరం లేకపోయింది.

"ఇంత మంచి డబ్బాల్లో చెత్త వేస్తారా సార్?" అంది.

"రెండు రంగులు ఎందుకున్నాయని మీకు అనుమానం రాలేదా?"

"ఎందుకు రాలేదు? నీలం వాడుకనీళ్లకు, పచ్చ మంచినీళ్లకు. చూస్తేనే తెలుస్తాంది కదా. పచ్చదాంట్లో వేరే చెంబు ముంచితే మేము ఊరుకోము. ముంచినోళ్లే నీళ్లు పారబోసి, డబ్బా కడిగి, మళ్లీ పట్టుకురావాల."

మా ఇళ్లలో పిల్లలకు నడక రాగానే నేర్పే మొదటి క్రమశిక్షణ ఇదే. బోరు నీళ్లు వేరు, తాగే నీళ్లు వేరు. ఆ చెంబు వేరు, ఈ చెంబు వేరు. ఫ్లోరైడు అనే మాట వినని ముసలివాళ్లు కూడా ఈ నియమం తప్పరు. రెండు రంగుల డబ్బాలు ఇస్తే మా వాళ్లు వర్గీకరణ చేయరేమోనని నేను బ్యానరు ముద్రించాను. నేను లేని ఆ మూడు రోజుల్లో, ఎవరూ చెప్పకుండానే, బ్యానరు లేకుండానే, వాళ్లు వర్గీకరణను పూర్తి చేశారు. వర్గీకరించిన పదార్థం మాత్రం నేను అనుకున్నది కాదు.

"మరి చెత్త ఎక్కడ వేస్తున్నారు?" అన్నాను.

వెలిగండ్ల అమ్మాయి, "పాత పీపాలు మీరే తీసేయించినారు కదా సార్" అని, గడ్డంతో వెనక కిటికీ వైపు చూపించింది.

కిటికీ అవతల గోడ, గోడ అవతల వంక. ఇదివరకు ట్రాక్టరు ఒక చోట పోసేది. ఇప్పుడు మూడంతస్తుల ఎత్తు నుంచి, గాలివాటున, గోడ పొడుగంతా కవర్లు పరుచుకుని ఉన్నాయి. ఇంజినీరింగ్ పరిభాషలో దీన్ని వితరణ సామర్థ్యం పెరగడం అనవచ్చు.

ఆ వారంలోనే పెద్దమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి బేసిను లేదు. వెంట మేక ఉంది. మెడ వంచి, నెమరు వేయకుండా, ఎడమ డొక్క ఉబ్బి, నిలబడటమే కష్టంగా ఉంది. ఆమె నన్ను వెతుక్కుంటూ నేరుగా వర్క్‌షాపుకే వచ్చింది.

"మాటిచ్చినావు కదా సారూ" అంది. కోపంగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఇది మంద పెద్ద. ఇది నడిస్తే మిగతావి దీని ఎంట నడుస్తాయి. ఇది పోతే అవి దిక్కుకొకటి పోతాయి. నేను ఉరికి పట్టుకోగలనా? అన్నీ అమ్ముకోవాల్సిందే. అప్పుడు మీ గోడ దగ్గరికి రాను లే, మీకూ పీడ వదులుతాది."

మార్కాపురం నుంచి పశువుల డాక్టరును పిలిపించాం. ఆయన మా వర్క్‌షాపు వెనక నీడలో, వెల్డింగు బల్ల మీద మేకను పడుకోబెట్టించి, డొక్క కోసి, ముద్దను బయటికి తీశారు. కుట్లు వేసి, చేతులు కడుక్కుంటూ నాతో అన్నారు: "బతుకుతాది సార్. కానీ కుట్టు మానేలోపల మళ్లీ కవరు తిన్నదంటే నేను చేసేది ఏమీ లేదు. తిననీకుండా చూసే పని మీది."

"ఆయన మాటిచ్చినాడు లే" అంది పెద్దమ్మ, మేక తల నిమురుతూ.

డబ్బాల సంగతి తేలేదాకా చెత్త నింపడానికి ఆ సాయంత్రమే హాస్టళ్లకు గోతాలు పంపాను; కుట్టు మానేదాకా మేకను ఇంటి దగ్గరే కట్టేస్తానని పెద్దమ్మ ఒప్పుకుంది. మర్నాడు నేను డ్రిల్లింగ్ మిషను పట్టుకుని అమ్మాయిల హాస్టలుకు వెళ్లాను. ఆలోచన సరళమైనది. చెత్తడబ్బా నీళ్ల డబ్బాగా మారడానికి కారణం అది నీళ్లను నిలపడం. పక్కన, అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తులో, పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ఇక ఎప్పటికీ చెత్తడబ్బానే. మరీ అడుగున వేస్తే తడి చెత్త రసం వరండాలో కారుతుంది. ఆ లెక్క కూడా చూసుకున్నాను.

మిషను శబ్దానికి వెలిగండ్ల అమ్మాయి బయటికి వచ్చింది.

"బెజ్జం వేయండి సార్, మేము అడ్డం రాము. మేక సంగతి మాకూ తెలుసు. కానీ ఒక్క మాట చెప్పి వేయండి. పొద్దున తొమ్మిదికి కొళాయిలు ఆగిపోతాయి. ఈ నీళ్లు తీసుకుపోయి యాడ పోసుకోమంటారు?"

ఆమె వెనక ఒకమ్మాయి, "సార్ నోట్లో" అని గొణిగింది. వినబడనట్టు నటించాను. నిజానికి ప్రశ్నలో తప్పేమీ లేదు. మిషను ప్లగ్గు పీకేసి, నీళ్లు ఎందుకు తొమ్మిదికి ఆగిపోతున్నాయో చూడటానికి బయలుదేరాను.

ఒక రోజంతా నీళ్ల వెంట తిరిగాను. ట్యాంకరు తెచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం మరుగుదొడ్లకూ నేలలు కడగడానికీ పోతోంది. భోజనశాల పక్కన తాగునీటి శుద్ధి యంత్రం ఉంది. అది మంచినీళ్లను ఒక గొట్టంలోకీ, ఉప్పు చేరిన వదులునీళ్లను మరో గొట్టంలోకీ పంపుతుంది. రెండో గొట్టం గోడలోంచి నేరుగా వంకలోకి దిగింది. బకెట్టు పెట్టి, ఫోనులో సెకన్లు చూస్తూ కొలిచాను. మనం ఒక లీటరు తాగితే, వంక దాదాపు రెండు లీటర్లు తాగుతోంది. ఆ నీళ్లు తాగడానికీ మొక్కలకూ పనికిరావు. మరుగుదొడ్లకు మాత్రం ఏ అభ్యంతరమూ లేదు.

సివిల్ విభాగంలో కాంక్రీటు దిమ్మలను నానబెట్టడానికి కొత్త తొట్టి వచ్చినప్పటి నుంచి, అంతకుముందు వాడిన నల్ల ట్యాంకు మేడ మీద ఖాళీగా ఉంది. దాన్ని హాస్టలు మీదికి ఎక్కించి, వదులునీళ్ల గొట్టాన్ని దానికి మళ్లించి, మరుగుదొడ్ల గొట్టాలను దానికి కలిపాం. ట్యాంకరు నీళ్లకు ఇక స్నానం, బట్టలు మాత్రమే మిగిలాయి. సాయంత్రం దాకా కొళాయిలు ఆగలేదు. భోజనశాలకు రాత్రి తాళం పడితే తాగునీళ్లు దొరకవన్న భయంతో పచ్చ డబ్బాలు నింపుతున్నారు కనుక, మంచినీళ్ల కొళాయి ఒకటి గోడ బయటికి తీయించాం. ఇందులో గొప్ప ఇంజినీరింగ్ ఏదీ లేదు. మోచేతి గొట్టాలు తక్కువపడి ఇద్దరు విద్యార్థులు మార్కాపురం రెండుసార్లు తిరిగారు, అంతే.

అయినా డబ్బాలు వెంటనే తిరిగి రాలేదు. మొదటి వారం రోజులూ ఎవరూ మూత తీయకపోయినా, నిండు డబ్బాను ఖాళీ చేయడానికి ఎవరికీ చేయి రాలేదు.

"ఈ రోజు వస్తాన్నాయి సరే. రేపు రాకపోతే?" అన్నారు వార్డెన్.

నాకు కోపం రాలేదు. మా ఇంట్లోనూ కొళాయిలో నీళ్లు వస్తుండగానే బిందెలు నింపి పెడతారు. అందుకని అంతస్తుకొక ఒప్పందం చేసుకున్నాం: సాయంత్రం దీపాలు వెలిగే దాకా కొళాయి ఆగకుండా వరసగా వారం నడిస్తే, ఆ అంతస్తు డబ్బాలు నావి. మొదటి అంతస్తు డబ్బాలు కిందికి దొర్లుకుంటూ వచ్చిన రోజు వెలిగండ్ల అమ్మాయి తానే మిషను అడిగి తీసుకుని మొదటి రంధ్రం వేసింది. రంధ్రం గుండ్రంగా వచ్చింది. పక్కనున్నవాళ్లు దీర్ఘంగా నిట్టూర్చారు; నిక్షేపంలాంటి నీళ్ల డబ్బా వాళ్ల కళ్ల ముందే చెత్తడబ్బా అయిపోయింది.

బ్యానరు కట్టడానికి ప్రయత్నించాను గాని, "సార్, అది కూడా ప్లాస్టిక్కే కదా" అన్నారెవరో. దాన్ని మడిచి వర్క్‌షాపులో గ్రైండింగు యంత్రం మీద కప్పాం. దాని బదులు పట్టణంలోని పలకల కార్ఖానా నుంచి అంచు విరిగి పక్కన పడేసిన పలకలు తెచ్చి, డబ్బాకొకటి వేలాడదీశాం. వాటి మీద ఏం రాయాలో నేను చెప్పలేదు. మర్నాడు వెళ్లి చూస్తే ప్రతి పలక మీదా సుద్దతో ఒకటే వాక్యం: "తప్పు వేసినోళ్లే తీసి, డబ్బా కడగాల." నీళ్ల నియమం అక్షరం మారకుండా చెత్తకు వచ్చేసింది. అబ్బాయిల హాస్టలు కూడా దాన్నే నకలు తీసుకుంది, కొంచెం తక్కువ శ్రద్ధతో.

పాత కాగితాలు, సీసాలు మార్కాపురం నుంచి పాత సామాన్ల ఆటో వచ్చి తీసుకుపోతోంది. పలచటి కవర్లు ఎవరికీ అక్కర్లేదు. వాటిని గోతాల్లో కుక్కి, మూతి కుట్టి, పట్టణంలో పొడి చెత్త తీసుకునే చోటికి పంపుతున్నాం. ఎంగిలి అన్నం ఎరువు గుంటకు పోతుంది. కూరగాయల తొక్కల కోసం మాత్రం వెనక గేటు దగ్గర వేరే ఏర్పాటు ఉంది: పెద్దమ్మ.

వంకను విద్యార్థులూ మేమూ కలిసి ఏరి శుభ్రం చేసిన తరువాతి సోమవారం నుంచి ఆమె రోజూ వస్తోంది. ఆదివారం మాత్రం చర్చి ఉంటుంది కనుక రాదు. వంటవాళ్లు తొక్కల డబ్బా తోసుకువచ్చి ఇస్తారు. ఆమె గోనెపట్టా పరిచి, మొత్తం కుమ్మరించి, కర్రతో విడదీసి చూసిన తరువాతే మేకలను వదులుతుంది. మంద పెద్దది డొక్క మీద కుట్ల గీతతో ముందు వస్తుంది. అది క్యాబేజీ ఆకు కొరికితే మిగిలినవి కొరుకుతాయి.

ఒకసారి తొక్కల్లో పాలకోవా కాగితం దొరికింది. ఆమె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వర్క్‌షాపు దాకా నడిచి వచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది ఎవురు తిన్నారు సారూ?"

"కనుక్కుంటాను పెద్దమ్మా."

"కనుక్కోవడం కాదు నాయనా. పలక మీద రాసుకొన్నారంట కదా. కడిగిపిచ్చు."

భోజనశాల సిబ్బందిని నిలబెట్టి అడిగితే, తిన్నది ప్రిన్సిపాల్ అని తేలింది. ఆ రోజు డబ్బా ఎవరు కడిగారో నేను ఇక్కడ రాయను. కడిగింది మాత్రం బాగానే కడిగారు.

మార్చి చివర ఎండలు ముదిరాయి. ఒక పొద్దున మేకలు మేస్తుండగా పెద్దమ్మ నన్ను గేటు దగ్గరికి పిలిపించింది. వంక వైపు చేయి చాపి, ఆ చివర నుంచి ఈ చివర దాకా నిదానంగా చూపించింది. ఇసుక, తుమ్మచెట్లు, ఎండుటాకులు. తుమ్మముల్లుకు చిక్కుకుని ఎప్పుడూ రెపరెపలాడే కవరు కూడా లేదు.

"మాట నిలబెట్టుకొన్నావు" అంది. నేను ఏదో వినయంగా అనబోతుంటే ఆగమన్నట్టు చేయెత్తింది. "అప్పుడు మీ పెద్దసారు మేకకు పరిహారం ఇస్తానన్నాడు కదా. నేను వద్దంటిని."

"అవును. ఇప్పుడు కావాలా?"

"డబ్బులు వద్దు. మీరు బెజ్జాలు పెట్టే డబ్బాలు ఉన్నాయే, వాటిల్లో ఒకటి బెజ్జం పెట్టకుండా ఇయ్యి. నీలందైతే బాగుంటాది."

"చెత్తకా?" అని అడిగాను.

ఇంత చదువుకున్నవాడు ఇట్లాంటి ప్రశ్న అడుగుతాడా అన్నట్టు ఆమె మేకల వైపు తిరిగింది.

మూడో అంతస్తు డబ్బాల్లో రంధ్రం వేయనిది ఇంకా ఒకటి మిగిలి ఉంది. ప్రిన్సిపాల్‌ను అడిగితే ఆయన వెంటనే సరేనన్నారు. కోవా కాగితం నాటి నుంచి ఆమె విషయంలో ఆయన దేనికీ అభ్యంతరం చెప్పడం లేదు. వెలిగండ్ల అమ్మాయి దాన్ని లోపలా బయటా తోమి, పాత గది నంబరు మీద గోళ్ల రంగుతో చిన్న మేక బొమ్మ గీసి, గేటు దాకా తోసుకు వచ్చింది.

పెద్దమ్మ మూత ఎత్తి లోపలికి తొంగి చూసింది. చక్రాలను కాలితో ఒకసారి కదిపింది. పక్కలన్నీ, అడుగూ చేత్తో తడిమి, ఎక్కడా రంధ్రం లేదని రూఢి చేసుకుంది. నన్ను నమ్మలేదని కాదు. చూసి తీసుకోవడం ఆమె అలవాటు. తరువాత దాన్ని తోసుకుంటూ బయలుదేరింది. వంకలోకి దిగగానే చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. గట్టు మీద ఉన్న మేం సాయానికి కదిలేలోపలే ఆమె చీరకొంగుతో చుట్టకుదురు చేసుకుని, డబ్బాను తల మీదికి ఎత్తుకుంది. కుట్ల మేక ముందు నడిచింది, మిగిలినవి దాని వెనక నడిచాయి. ఆమె అడుగు వేసినప్పుడల్లా డబ్బా మూత టప్పున మూసుకోవడం, అవతలి ఒడ్డు ఎక్కేదాకా మాకు వినిపించింది.